ఉన్న ఊరా? పట్నమా?

డిగ్రీ చేతికి రాగానే మనలో ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది: వరంగల్లులోనే ఉందామా, హైదరాబాదు పోదామా? నేనూ కాజీపేటలో రైలెక్కి పోయినవాణ్ణే. మూడేళ్ళుండి తిరిగొచ్చాను.

పట్నానికి జనం ఊరికే పోరు. 2011 జనాభా లెక్కల్లో అక్కడి నగరపాలక సంస్థ పరిధిలోనే 67 లక్షలకు పైగా. వరంగల్లులో 6 లక్షల పైచిలుకు. కంపెనీలున్న చోటికి మనుషులు, మనుషులున్న చోటికి కంపెనీలు చేరతాయి. అక్కడ ఒక ఉద్యోగం పోతే వీధి మారితే చాలు. ఇక్కడ పోతే ఊరే మారాలి. పట్నం ఇచ్చే అసలు ధీమా అది.

అయితే దానికి మనం చెల్లించేది అద్దె ఒక్కటే కాదు, కాలం కూడా. నాకు పోను గంటన్నర, రాను గంటన్నర. నెలకు 25 రోజుల లెక్కన 75 గంటలు. అంటే మూడు పగళ్ళు, మూడు రాత్రులు దారిలోనే! 2017లో మెట్రో వచ్చినా, స్టేషను దాకా చేరే తిప్పలు తప్పలేదు.

అలాగని చిన్న ఊరు స్వర్గమనను. 2020 ఆగస్టు వానలకు హన్మకొండ కాలనీలు మునిగాయి. నాలాలు, చెరువు శిఖాలు కబ్జా అయితే చిన్న ఊరని నీళ్ళు వదిలిపెట్టవు.

పని నేర్వడానికి పట్నం పోండి, తప్పులేదు. నాన్నకు చూపు మందగించిన ఏడు నేను వచ్చేశాను. జీతం తగ్గింది. సాయంత్రాలు ఆయన చెయ్యి పట్టుకొని భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తున్నాను. ఆ 75 గంటలు నాకిలా తిరిగొచ్చాయి. మీ లెక్క మీరు వేసుకోండి.