పాత డీజిలు లారీ ఇంజను ఎంతకాలము మన్నును?

మన తోటపల్లి గూడూరు ప్రాంతమున మార్చి, ఏప్రిలు నెలలు వచ్చుసరికి వడ్లు కల్లములనుండి నెల్లూరు మిల్లులకు చేరవలెను. అద్దెలారీ దొరకుట ఆలస్యమైనచో ధాన్యము కల్లముననే నిలిచిపోవును. ఒక్క పెద్దవాన కురిసెనేని ఏడాది కష్టమంతయు అక్కడనే మొలకెత్తును. అందుచేత నలుగురైదుగురు కలిసి పాతలారీ యొకటి కొందుమా యని సభ్యులు పలువురు నన్నడుగుచున్నారు. వారి ప్రశ్న యొక్కటే: ఇరువదియేండ్ల నాటి లారీ ఇంజను ఇంకెన్నియేండ్లు పనిచేయును?

ఏండ్లు లెక్కించుట వలన ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఇంజను అరుగుట పరుగును బట్టియు, ఆ పరుగులో దానికి జరిగిన పోషణను బట్టియు ఉండును. పదియేండ్లు కొట్టములో నిలిచిన లారీ దినదినము తిరిగిన లారీకంటె మేలని తలచువారు కలరు గాని, అది భ్రమ. నిలిచిన ఇంజనులో నూనె పొర జారిపోయి, మన సముద్రపు గాలికి సిలిండరు గోడలు తుప్పుపట్టును; పిస్టను రింగులు తమ గాడులలో బిగుసుకొనును.

మనకు బాగుగా తెలిసిన ఆయిలు ఇంజనును చూడుడు. ఇంగ్లండులో లిస్టరు కంపెనీవారు 1929లో తీసుకొనివచ్చిన నిదానపు ఇంజను మాదిరిని రాజకోటలో అనేకులు నకలుగా చేసిరి. దాని పిస్టను ఒక్కొక్క దెబ్బకు సుమారు 140 మిల్లీమీటర్లు కదలును. చక్రము నిమిషమునకు 650 సారులు తిరుగును. అనగా పిస్టను సెకనుకు మూడు మీటర్లు మాత్రమే నడచును. టాటావారి 697 రకపు లారీ ఇంజను పిస్టను ఒక్క దెబ్బకు 128 మిల్లీమీటర్లు కదలును. దానిని నిమిషమునకు 2,800 తిప్పినచో పిస్టను సెకనుకు పండ్రెండు మీటర్లకు దగ్గరగా పరుగెత్తును. 1,800 తిప్పినచో ఎనిమిది మీటర్లు కూడ దాటదు. ఒకే ఇంజను ఒక డ్రైవరు చేతిలో ఎక్కువకాలము, మరియొకని చేతిలో తక్కువకాలము మన్నుటకు ఇది మొదటి కారణము.

మన రోడ్లపై ముసలి లారీలు ఎక్కువగా రెండు కుదుళ్లవి. 1954లో టాటావారు జర్మనీ దేశపు డైమ్లరు బెంజువారితో కలిసి జంషెడ్‌పూరులో లారీలు చేయ నారంభించిరి. ఆ ఒడంబడిక 1969లో ముగిసినది గాని, ఆ ఇంజనుల వంశము చాలకాలము నిలిచినది. రెండవది మద్రాసు ప్రక్కనున్న ఎన్నూరు కర్మాగారమునది. 1948లో అశోక్ మోటార్స్‌గా పుట్టి, 1955లో అశోక్ లేలండ్ అను పేరు దాల్చినది. ఈ రెండు కుదుళ్ల పాత ఇంజనులును బరువైన పోత ఇనుముతో చేసినవి. విద్యుత్తు మెదడు లేనివి. సాధారణపు షెడ్డులో విప్పి బిగింపదగినవి.

ఇట్టి ఇంజను సక్రమముగా చూచుకొన్నచో మూడు నాలుగు లక్షల కిలోమీటర్లవరకు మొదటి బోరుకు రాదని అనుభవజ్ఞులైన మెకానిక్కుల మాట. గంటలలో చెప్పవలెనన్న, గంటకు 35 కిలోమీటర్ల సగటున పదివేల గంటల పని మూడున్నర లక్షల కిలోమీటర్లగును. బోరుకు వచ్చుట చావు కాదు. లైనరులు మార్చవచ్చును, రింగులు, బేరింగులు క్రొత్తవి వేయవచ్చును, క్రాంకును పావు మిల్లీమీటరు చొప్పున మూడు నాలుగు మారులు సానబట్టవచ్చును. గ్రీసు దేశపు థెస్సలోనికి పట్టణమున 1976 నాటి బెంజు డీజిలు టాక్సీ యొకటి 46 లక్షల కిలోమీటర్లు తిరిగి, 2004లో ఆ కంపెనీ ప్రదర్శనశాలకు చేరినది. అయితే దాని ఇంజనును పలుమారులు విప్పి మార్చిరి. ఆ సంగతి విడిచి దూరమును మాత్రమే చెప్పు లారీ దళారులను నమ్మకుడు.

ఇంజనుకు ప్రథమశత్రువు దుమ్ము. లీటరు డీజిలు మండుటకు పదివేల లీటర్లకు మించిన గాలి లోనికి పోవును. ఇసుకరేణువు ఇనుముకంటె గట్టిది. గాలితో లోనికి పోయినదా, రింగునకును గోడకును నడుమ ఆకురాయివలె పనిచేయును. పాత లారీలలో గాలిని నూనెతొట్టి మీదుగా పోనిచ్చి దుమ్మును పట్టు ఫిల్టరులుండును. కల్లముల రోజులలో ఆ తొట్టిని దినమున కొకమారు విప్పి, అడుగున చేరిన బురదను పారబోసి, గీత వరకు నూనె పోయవలెను. గీతకు మించి పోసినచో ఇంజను ఆ నూనెను త్రాగి అదుపు తప్పి పరుగెత్తు ప్రమాదము కలదు.

దీనిని నేను పుస్తకమునుండి మాత్రమే చెప్పుట లేదు. ఒక ఎడగారు పంటకాలమున నా పొలములోని ఆయిలు ఇంజనునకు ఫిల్టరు నుండి పోవు రబ్బరు గొట్టము చీలినది. ఎల్లుండి మార్చెదనని గుడ్డ చుట్టి పని సాగించితిని. ఆ ఎల్లుండి రాకయే పంట ముగిసినది. పది సంవత్సరములు నడవవలసిన రింగులు ఆ ఒక్క పంటకే అరిగి, ఇంజను నీలిపొగ విడువసాగినది. గొట్టము వెల కొన్ని పదుల రూపాయలు. ఆ రిపేరుకు నాకైన వ్యయము ఆ పంట లాభములో మూడవవంతు. ఇతరులకు బోధించు ఉద్యోగములోనుండి నేనే ఇట్లు చేసితినని నాటినుండి నా మాటలో కొంత వినయము చేరినది.

రెండవది నీరు. మన ప్రక్క షెడ్డులలో ఒక దురభ్యాసము కలదు: ఇంజను వేడెక్కుచున్నదనగానే థర్మోస్టాటును పెరికి పారవేయుదురు. ఇంజను మితిమీరి వేడెక్కుట కీడే; చల్లగా నడచుటయు కీడే. 1930 దశకమున ఇంగ్లండులో జరిగిన పరీక్షలలో, సిలిండరు గోడ చల్లగానున్నప్పుడు పొగలోని తేమ, ఆమ్లములు దానిపై చెమర్చి ఇనుమును తినివేయుననియు, అరుగుదల మిక్కిలి హెచ్చుననియు తేలినది. కావున వేడెక్కిన లారీకి వలసినది రేడియేటరు శుభ్రపరచుట, ఫాను బెల్టు బిగించుట, నీటిపంపు చూచుట. థర్మోస్టాటు జోలికి పోనక్కరలేదు.

పోయు నీరు కూడ ముఖ్యమే. కోడూరు తీరమువైపు బోరునీటిలో ఉప్పుండుట మీరెరుగుదురు. దానిని రేడియేటరులో పోసినచో లోపల చట్టుకట్టి, హెడ్డులోని సన్నదారులు పూడి, ఆ చోటనే హెడ్డు పగులును. వాననీటిని గాని శుద్ధజలమును గాని తుప్పునాపు కూలెంటుతో కలిపి పోయుడు.

ఇంజను ఆయిలు విషయమున ఒక క్రొత్త సంగతి. వెనుకటి డీజిలులో గంధకము వందకు ఒక పాలువరకు ఉండెడిది. అది మండి ఆమ్లమై ఆయిలును పాడుచేసెడిది. 2020 ఏప్రిలునుండి దేశమంతట పదిలక్షల పాళ్లలో పది పాళ్లకు మించిన గంధకముగల డీజిలు అమ్మరాదు. ఇది పాత ఇంజనులకు మేలే. అయినను ఆయిలు మార్చుట మానరాదు. మసి, దుమ్ము పోవుట ఆ దారినే. మరియు డ్రమ్ములో నిలువచేసిన డీజిలు అడుగున నీరు చేరును. ఆ నీరు పంపులోనికి పోయిన, వెండ్రుకకంటె సన్నని సందుతో చేసిన దాని భాగములు తుప్పుపట్టి బిగియును. కారు నాజిలు మరింత మోసకారి: మండని డీజిలు గోడపై నూనెపొరను కడిగివేయును, ఒక్కొక్కప్పుడు పిస్టను తలనే కరగించును.

కొనబోవువారు తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉండగా పోవలెను. అమ్మువాడు ముందే వేడిచేసి ఉంచెనేమో చేయి పెట్టి చూడుడు. స్టార్టు చేయగానే వచ్చు కొద్ది తెల్లపొగ తప్పు కాదు. వేడెక్కిన పిమ్మటను నీలిపొగ వచ్చినచో ఆయిలు మండుచున్నది. బరువు లాగునప్పుడు నల్లపొగ దట్టముగా వచ్చినచో నాజిలుగాని గాలిదారిగాని చెడినది. తరువాత ఆయిలు పోయు మూత తీసి చూడుడు. అక్కడ పొగ ఎగదన్నుచున్నచో రింగులు అరిగినవి. ఇంజను బాగుగా వేడెక్కిన పిదప నిదానపు నడకలో ఆయిలు ప్రెషరు ముల్లు పడిపోయినచో బేరింగులు వదులైనవి. వెలలో బోరు ఖర్చు తగ్గింపుమని అడుగుటకు ఈ గుర్తులే మీకు సాక్ష్యము.

చట్టము సంగతియు చూచుకొనవలెను. ఎనిమిదేండ్లు దాటిన లారీకి ఏటేట యోగ్యతాపత్రము పొందవలెను. పదునైదేండ్లు దాటినవాని రుసుము 2022 ఏప్రిలునుండి మిక్కిలి పెరిగినది. ఏడాదికి రెండు పంటల ధాన్యము తోలి, తక్కిన నెలలు నిలుచు లారీకి ఆ రుసుము, పన్ను, భీమా కలిపి చూడగా, కొన్ని గ్రామములకు అద్దెలారీయే చౌక యగును. మా లెక్కలో ఆరేడు కుటుంబములకు తక్కువైన జట్టు పాతలారీ కొనుట తగదు.

ఇంజను చూచి మురిసి, చట్రము చూడకుండ రాకుడు. మన తీరమున ఇంజనుకంటె ముందు పోవునది అదియే. లారీ క్రిందికి దూరి, స్ప్రింగుల కొక్కెములు బిగించిన చోట్లను చిన్న సుత్తితో తట్టుడు. ఇనుము ఖణేలుమనవలెను, బొదబొదమని పొట్టు రాలినచో ఇంజను ఎంత మంచిదైనను బేరము విడిచి రండు.