కారు డిక్కీలో ఎత్తుపలక – ఎందుకు? ఎలా?

కారు కొనేవారు రంగు చూస్తారు, మైలేజీ అడుగుతారు, ఏ.సి. వేయించి చూస్తారు. డిక్కీ మూత ఎత్తి, అడుగున పరచిన చాపను కూడా పైకి లేపి చూసేవారు బహు తక్కువ. కాని ఆ కారు ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి ఇల్లాలికి ఎక్కువ పని పడేది ఆ డిక్కీతోనే. బియ్యం బస్తా అక్కడే, కూరగాయల సంచి అక్కడే, ఊరికి ప్రయాణమైతే పెట్టెలన్నీ అక్కడే. సెలవునాడు మైపాడు సముద్రానికి వెళ్ళొస్తే ఇసుక చెప్పులు, తడి బట్టలు, దారిలో కొన్న చేపలు, అన్నీ కలిసి అక్కడే!

ఈ గందరగోళానికి ఒక చిన్న ఉపాయముంది. డిక్కీ అసలు అడుగుకు నాలుగు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తున ఒక గట్టి పలకను అమర్చుకోవడం. పలక మీద సామాను, పలక కింద ఒక అర. ఫాల్స్ ఫ్లోర్ అని కార్లవాళ్ళు దీన్నే అంటారు. మనం ఎత్తుపలక అందాం. కొన్ని కార్లకు కంపెనీవారే దీన్ని అమర్చి ఇస్తారు. లేనివాటికి వడ్రంగి చేత ఒక పూటలో చేయించుకోవచ్చు.

మొదట నడుము సంగతి చూద్దాం. చిన్న కార్లలో వెనుక తలుపు ఎత్తగానే బంపరు పైన ఒక గడప ఉంటుంది. డిక్కీ అడుగు ఆ గడపకంటే అరడుగు లోతున ఉంటుంది. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా, మొలగొలుకులైనా మసూరి అయినా బరువు ఒకటే, దాన్ని గడప దాటించి, ముందుకు వంగి, చేతులు చాపి లోతులోకి దించాలి. దించడం ఒక ఎత్తు, తీయడం మరొక ఎత్తు. చేతులు చాచి, నడుము వంచి, గుంటలోనుంచి బరువును పైకి లాగడం కంటే వెన్నుకు చెడ్డ పని మరొకటి లేదు. యాభై దాటిన అక్కయ్యలు, అన్నయ్యలు ఈ సంగతి నేను చెప్పకుండానే ఎరుగుదురు. ఎత్తుపలక గడపకు సమానంగా ఉంటే బస్తాను ఎత్తనక్కరలేదు, అంచు మీద ఆనించి లోపలికి జరిపితే చాలు. తీసేటప్పుడు ఇవతలికి లాగి, ఒంటికి దగ్గరగా పట్టుకొని దించుకోవచ్చు. ఇంట్లో నడవలేని పెద్దలుంటే వారి చక్రాల కుర్చీని మడిచి పెట్టడం, తీయడం రోజుకు రెండుసార్లు తప్పదు. అటువంటి ఇళ్ళకు ఈ పలక సౌకర్యం కాదు, అవసరం.

రెండవది, వెనుక సీటు వీపును ముందుకు మడిచినప్పుడు చాలా చిన్న కార్లలో సీటుకూ డిక్కీకీ మధ్య ఒక మెట్టు మిగులుతుంది. పొడుగాటి సామాను ఆ మెట్టు దగ్గర ఎగుడుదిగుడవుతుంది. ఎత్తుపలక ఆ మెట్టును పూడుస్తుంది. జూన్ మాసంలో పిల్లవాణ్ణి కాలేజీ హాస్టలులో దింపడానికి పరుపుచుట్ట, ట్రంకుపెట్టె, బకెట్టు వేసుకొని వెళ్ళే తల్లిదండ్రులకు ఈ చదును విలువ తెలుస్తుంది. ఇళ్ళలో జరిగే కూటాలకు కీబోర్డు, మైకు స్టాండ్లు మోసే యువకులకు కూడా.

ఇక పలక కింది అర. మూడడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అరడుగు ఎత్తు అనుకుంటే సుమారు నూట అయిదు లీటర్ల చోటు. జాకీ, స్పానరు, హెచ్చరిక త్రికోణం, టార్చిలైటు, లాగుడు తాడు, ప్రథమ చికిత్స పెట్టె, ఒక పాత దుప్పటి, రెండు సీసాల నీళ్ళు – ఇవి ఎప్పుడూ కారులోనే ఉండవలసినవి. పైన పడేస్తే మలుపు తిరిగినప్పుడల్లా దొర్లి గడగడలాడతాయి, కావలసిన వేళ దొరకవు. కింద సర్దితే వాటి చోటు వాటిది.

మన సముద్రతీరపు వాళ్ళకు మాత్రం ఈ అర ప్రయోజనం వేరు. ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం, తూపిలిపాలెం – ఎక్కడికి వెళ్ళినా చేపలో రొయ్యలో కొనకుండా తిరిగి రావడం మనకు చేతకాదు గదా! వాటిని ఐసుతో కలిపి థెర్మోకోల్ పెట్టెలో పెట్టి ఇస్తారు. ఇంటికి చేరేలోగా ఐసు కరుగుతుంది, పెట్టె మూలల్లోనుంచి నీరు కారుతుంది. అది మామూలు నీరు కాదు, ఉప్పు కలిసిన చేపల నీరు. చాప కిందికి దిగి, స్టెప్నీ చక్రం పడుకొనే గుంటలో చేరి నిలుస్తుంది. వాసన నెల రోజులైనా పోదు. అంతకంటే చెడ్డది తుప్పు. ఇనుమును ఉప్పునీరు మామూలు నీటికంటే త్వరగా తింటుంది, అదీ మూత వేసి ఉన్న చీకటి గుంటలో, గాలి ఆడనిచోట తడి ఆరదు. పైన రంగు నిగనిగలాడుతుంటే కింద గుంట గుల్లబారుతుంది. కనుక అరలో వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు ఒకటి ఉంచి, చేపల పెట్టెను ఆ టబ్బులోనే పెట్టాలి. కారిన నీరు టబ్బులో ఉంటుంది, పలక పైన కూరగాయలూ బట్టలూ పొడిగా ఉంటాయి. ఇల్లు చేరగానే టబ్బు తీసి కడిగితే సరి.

చేపలే కాదు, చేపల పులుసు కూడా. మర్నాటికి రుచి పెరిగే కూర గనుక చెన్నైలో ఉన్న కూతురికో, హైదరాబాదులో ఉన్న కొడుక్కో గిన్నెడు పట్టుకెళ్ళని నెల్లూరు తల్లి ఉంటుందా? గిన్నెను డిక్కీలో విడిగా పెడితే మొదటి స్పీడు బ్రేకరు దగ్గరే ఒలుకుతుంది. లోతు సరిపోతే పలక కింది అరలో, చుట్టూ తువ్వాళ్ళు కుక్కి నిలబెట్టండి, కదలదు. పూర్తిగా చల్లారాకే సుమా.

వానల మాట కూడా చెప్పుకోవాలి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి మీద రాకపోకలు నిలిచిపోయాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు నెల్లూరును ముంచెత్తింది. అటువంటి రోజుల్లో నీళ్ళలో నిలిచిన కారును తుడిచి ఆరబెట్టేవారు ముందు సీట్ల కిందే చూస్తారు. డిక్కీ గుంటలో నీరు నిలిచి ఉండడం చాలామందికి తట్టదు. చాలా కార్లలో ఆ గుంట అడుగున రబ్బరు బిరడాలుంటాయి. వాటిని తీసి నీరు వదిలి, పొడిగుడ్డతో తుడిచి, ఒక పూట ఎండలో మూత తెరిచి ఉంచి, బిరడాలు మళ్ళీ బిగించాలి. వరద లేకపోయినా తలుపు చుట్టూ ఉండే రబ్బరు చిరిగితే వాననీరు మెల్లగా అక్కడికే చేరుతుంది. ఎత్తుపలక ఉంటే పై సామాను తడవదు. అది మంచిదే, కాని అదే కారణం చేత కింద నీరుందన్న సంగతి కనబడదు కూడా. వానాకాలంలో వారానికొకసారి పలక ఎత్తి చూడడం అలవాటు చేసుకోండి.

కంపెనీవారు ఇప్పుడు ఈ ఎత్తుపలకను మరొక పనికి వాడుతున్నారు. సి.ఎన్.జి. కార్లలో ఇదివరకు ఒకే పెద్ద సిలిండరు డిక్కీనంతా ఆక్రమించేది, ఒక సంచికి కూడా చోటుండేది కాదు. 2023లో టాటావారు ఆల్ట్రోజ్ కారులో 30 లీటర్ల సిలిండర్లు రెండింటిని అడుగున పక్కపక్కన పెట్టి, పైన పలక వేసి, స్టెప్నీని కారు కిందికి పంపించారు. పెట్రోలు ఆల్ట్రోజ్‌లో డిక్కీ 345 లీటర్లు, సి.ఎన్.జి.లో 210 లీటర్లు. తగ్గినమాట నిజమేగాని, రెండు పెట్టెలు పట్టే డిక్కీ మిగిలింది. 2024లో హ్యుండాయ్‌వారు ఎక్స్‌టర్‌లో ఇటువంటి ఏర్పాటే చేశారు. 2022లో వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్‌లో బ్యాటరీ డిక్కీ పలక కిందే ఉంటుంది. మామూలు సిటీకి 506 లీటర్ల డిక్కీ, దీనికి 306. ఇటువంటి కార్లలో పలక కింద ఏమీ కుక్కకూడదు, చేపల నీరు అసలే పోనివ్వకూడదు, గాలి ఆడే సందులను గుడ్డలతో మూయకూడదు. సి.ఎన్.జి. సిలిండరుకు మూడేళ్ళకొకసారి పరీక్ష చేయించడం కూడా మరువవద్దు.

గ్యాసు మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. వంటగ్యాసు బండను డిక్కీలో పడుకోబెట్టి తెచ్చేవారున్నారు. సి.ఎన్.జి. గాలికంటే తేలిక, కారితే పైకి పోతుంది. వంటగ్యాసు గాలికంటే బరువు, కారితే కిందికి దిగి గుంటలో నిలుస్తుంది. పలక కింది అర దానికి చక్కని తొట్టి అవుతుంది! బండను ఇంటికి చేర్చే పని డెలివరీ అబ్బాయికే వదలండి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి పిల్లల విషయం. పలక వేశాక డిక్కీ చదునుగా, అరుగులాగా కనిపిస్తుంది. దానిమీద ఒక పరుపు వేసి, “మీరు వెనకాల కూర్చోండిరా” అని ముగ్గురు పిల్లలను ఎక్కించే కుటుంబాలను పెళ్ళిళ్ళ సీజనులో రోడ్డు మీద చూస్తూనే ఉన్నాం. అక్కడ బెల్టు లేదు, తలకు ఆనుడు లేదు. వెనుకనుంచి గుద్దితే మొదట నలిగిపోయేలా కట్టిన భాగం అదే. ఎంత దగ్గరి ప్రయాణమైనా, ఎవరు అడిగినా, డిక్కీ పలక మీద మనిషిని కూర్చోబెట్టవద్దు.

సామానుకు కూడా ఒక హద్దు ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనికైనా గుద్దుకొని నిలిచిపోతే, కట్టివేయని సామాను అదే వేగంతో ముందుకు వస్తుంది. లెక్క కడితే అది దాదాపు పది మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడ మీదనుంచి, నెత్తిన పడినదానితో సమానం. పలక ఆరంగుళాలు ఎత్తు పెంచితే దానిమీది సామాను కూడా ఆరంగుళాలు పైకి వస్తుంది. సీటు వీపు దాటి ఏదీ పైకి రాకూడదు. బరువైనవి కింద, సీటుకు ఆనించి పెట్టాలి. తేలికవి పైన ఉండాలి. ఈ నియమం పాటించలేనంత సామాను ఉంటే ఆ రోజుకు పలక తీసి ఇంట్లో పెట్టి వెళ్ళడమే మేలు. అందుకే పలక ఎప్పుడూ తీయడానికి వీలైనదిగానే ఉండాలి.

తీయడానికి వీలుండాలనడానికి మరొక కారణం కూడా ఉంది. వెలిగొండ, శేషాచలం కొండల ఎర్రచందనాన్ని వాహనాల్లో దొంగ అరలు కట్టి చెన్నై వైపు తరలించినవారు పట్టుబడడం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. గంజాయి సంగతీ అంతే. అందుచేత 16వ నంబరు జాతీయ రహదారి మీద తనిఖీ చేసేవారికి వెల్డింగు చేసిన అడుగు, తెరుచుకోని పలక కనిపిస్తే అనుమానం రావడం సహజం. పైగా 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. రేకు కోయడం, వెల్డింగు చేయడం, బాడీకి రంధ్రాలు వేయడం మనకు వద్దు. చాప పరచినట్టు పరచి, తీసినట్టు తీసే పలకతో ఏ పేచీ లేదు. ఎవరైనా అడిగితే ఒక చేత్తో ఎత్తి చూపించవచ్చు.

చేయించుకొనే పద్ధతి చెబుతాను. ముందు పాత అట్టపెట్టెలు విప్పి, డిక్కీ ఆకారానికి కత్తిరించి, పలక ఎక్కడ ఉండాలో ఆ ఎత్తులో పెట్టి చూడండి. కిందికంటే పైన డిక్కీ వెడల్పు ఎక్కువ గనుక అడుగు కొలత తీసుకుంటే పలక చాలదు. అట్ట సరిగా కూర్చున్నాక దాన్నే వడ్రంగికి ఇవ్వండి. నీటికి ఆగే రకం ప్లైవుడ్, 12 మిల్లీమీటర్ల మందం చాలు. బరువు అయిదారు కిలోలవుతుంది. అంచులకు వార్నీషు రెండు పూతలు వేయించాలి, ప్లైవుడ్ తడి పీల్చేది అంచుల దగ్గరే. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి, మన ఉప్పుగాలికి మామూలువి ఏడాది తిరక్కుండా తుప్పు పడతాయి. కాళ్ళు స్టెప్నీ మీద ఆనకుండా, పక్కల గట్టి నేల మీద ఆనాలి. కాళ్ళ కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు అంటిస్తే జారదు, చప్పుడు చేయదు. పైన అతికించడానికి పలచని కార్పెట్టు చాలు.

పలకను ఒకే ముక్కగా చేయించవద్దు. అడ్డంగా రెండు ముక్కలు చేసి మధ్యలో మడతబందులు పెట్టించండి. అప్పుడు లోపలి సగం మీద సామాను ఉన్నా ఇవతలి సగం ఎత్తి జాకీ తీసుకోవచ్చు. ఎత్తడానికి నైలాను పట్టీ ఒకటి కుట్టించండి, ఇనుప పిడి వద్దు, బస్తా జరిపేటప్పుడు చిరుగుతుంది. స్టెప్నీ బయటికి రావాలంటే మాత్రం మొత్తం ఖాళీ చేయక తప్పదు. అందుకని దూర ప్రయాణానికి సామాను సర్దకముందే స్టెప్నీలో గాలి చూపించుకోండి. 2020లో కేంద్ర ప్రభుత్వం మార్చిన నియమాల ప్రకారం ట్యూబులేని టైర్లు, గాలి తగ్గితే తెలిపే పరికరం, పంక్చరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. మీ కొత్త కారులో పలక ఎత్తగానే గుంట ఖాళీగా కనిపిస్తే కంగారుపడకుండా ఆ కిట్టు ఎక్కడుందో షోరూములోనే అడిగి, దాన్ని వాడే పద్ధతి ఇంట్లో కారు నడిపేవారందరికీ చూపించమనండి.