ఓటు అక్కడ.. ముంపు ఇక్కడ

వరరామచంద్రాపురం: గోదావరిలో శబరి కలిసేచోట కూనవరం, దానికి దిగువన వరరామచంద్రాపురం, ఆ తర్వాత పాపికొండలు. ఈ ఊళ్లు ఉన్నచోటనే ఉన్నాయి గానీ వీటి చిరునామా మాత్రం నిలకడగా ఉండటం లేదు. 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా. ఆ తర్వాత ఖమ్మం జిల్లా. 2014లో మళ్లీ తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా. తాత పుట్టిన జిల్లా వేరు, తండ్రి పుట్టిన జిల్లా వేరు, మనుమడు బడిలో చేరిన జిల్లా వేరు. ఊరు మాత్రం ఒక్కటే.

కాగితాలు మార్చుకోవడానికి పడిన తిప్పలు జనం ఎలాగో భరించారు. అంతకంటే పెద్ద నష్టం 2014లో జరిగింది. దాన్ని గురించి అప్పట్లోనూ ఎక్కువ మంది మాట్లాడలేదు.

ఆ ఏడాది ఏప్రిల్ 30న ఇక్కడి గిరిజనులు భద్రాచలం శాసనసభ స్థానానికి ఓటు వేశారు. మే 16న ఫలితం వచ్చింది. మార్క్సిస్టు పార్టీ అభ్యర్థి సున్నం రాజయ్య గెలిచారు. 1999, 2004 తర్వాత ఆయనకది మూడో గెలుపు. మే 29న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. తెలంగాణ శాసనసభ జూన్‌లో దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసినా, జూలైలో పార్లమెంటు ఆమోదముద్ర వేసింది. దాంతో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం ఓటర్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చారు. వారు గెలిపించిన ఎమ్మెల్యే మాత్రం తెలంగాణ సభలో ఉండిపోయారు. రాజయ్య సొంత ఊరు సున్నంవారిగూడెం కూడా ఈ వరరామచంద్రాపురం మండలంలోదే. ఎమ్మెల్యే ఇల్లు ఒక రాష్ట్రంలో, ఆయన కుర్చీ ఇంకో రాష్ట్రంలో!

ఆటోలో వచ్చే ఎమ్మెల్యే

రాజయ్య గురించి ఏజెన్సీలో తెలియనివారు తక్కువ. బస్సు దొరికితే బస్సు, లేకపోతే ఆటో. హైదరాబాదులో ఆటో దిగి సచివాలయంలోకి వెళ్లబోతే ఎమ్మెల్యే అంటే కాపలావారు నమ్మలేదని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. మూడుసార్లు గెలిచినా దర్పం అంటని మనిషి అన్న పేరు పార్టీలకు అతీతంగా ఉంది. అయితే ఆయన నిరాడంబరత గురించి రాసినంతగా ఆయన అడిగిన ప్రశ్నల గురించి ఎవరూ రాయలేదు. పోడు పట్టాలు, ఆసుపత్రులు, రోడ్లు, అన్నింటికీ మించి పోలవరం నిర్వాసితులు, ఇవీ ఆయన పట్టుకున్న విషయాలు.  2014లోనైతే 119 మంది ఉన్న తెలంగాణ సభలో ఆయన పార్టీకి ఆయనొక్కరే.

ఒక్కరైతే మాత్రం ఏం అనుకోవచ్చు. శాసనసభలో ఒక్కరికీ హక్కుంటుంది. ఉదయం మొదటి గంట ప్రశ్నలది. నక్షత్రం గుర్తు వేసిన ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద సభ్యుడు అనుబంధ ప్రశ్న వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు రావాలి. బడ్జెట్ సమయంలో నీటిపారుదల పద్దు మీద కోత తీర్మానం ఇవ్వవచ్చు. రోడ్డు మీద మైకులో అడిగితే మంత్రి వినొచ్చు, వినకపోవచ్చు. సభలో అడిగితే లెక్క కాగితం మీదికి రావాలి. తేడా అది.

ఆ హక్కు తన రాష్ట్ర ప్రభుత్వం మీదనే. వరరామచంద్రాపురంలో ఫలానా గూడేనికి పరిహారం ఎంత ఇచ్చారు, ఎందరి పేర్లు జాబితాలో వదిలేశారు అని హైదరాబాదు సభలో రాజయ్య తెలంగాణ మంత్రిని అడిగితే, అది మాది కాదు అన్నదే జవాబు. అదే ప్రశ్న ఆంధ్రప్రదేశ్ మంత్రిని అడగడానికి ఆయనకు సభ్యత్వం లేదు. 2019 ఎన్నికల వరకు, అంటే ఐదేళ్లపాటు, ఈ మండలాల వారికి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో తాము ఎన్నుకున్న ఎమ్మెల్యే అంటూ లేరు. దేశంలో మరే ప్రాజెక్టు నిర్వాసితులకైనా ఇలాంటి స్థితి వచ్చిందా అంటే అనుమానమే.

కోట్లు కదిలిన కాలం

ఆ ఐదేళ్లు మామూలు ఐదేళ్లు కావు. పోలవరానికి 2014లోనే జాతీయ హోదా దక్కింది. 2016 సెప్టెంబరులో కట్టే పని రాష్ట్రానికి అప్పగించారు. 2010-11 ధరల ప్రకారం రూ.16,010 కోట్లున్న అంచనా 2017-18 ధరలకు రూ.55,548 కోట్లకు చేరింది. 2019 ఫిబ్రవరిలో కేంద్ర సాంకేతిక సలహా కమిటీ దాన్ని ఆమోదించింది.

ఈ పెరుగుదల ఎక్కడిదో చూడాలి. సిమెంటు, ఇనుము కంటే భూసేకరణ, పునరావాసమే ఎక్కువ. మొదట రూ.3 వేల కోట్ల లోపున్న ఆ పద్దు రూ.33 వేల కోట్లు దాటింది. 2013 నాటి భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమలులోకి రావడం దానికి ఒక కారణం. అంటే ప్రాజెక్టు ఖర్చులో సగానికి పైగా ఈ గూడేల వారి పేరు మీద రాసిన డబ్బే. వారి పేరు మీద లెక్క రాశారు, ఆ లెక్క అడిగే మనిషిని మాత్రం వారికి లేకుండా చేశారు!

ఇక్కడి రైతులకు గుర్తుండేవి ఈ వేల కోట్లు కావు. కొత్త చట్టం రాకముందు ఎకరాకు లక్షా 15 వేల చొప్పున తీసుకుని భూమి రాసిచ్చినవారు ఉన్నారు. పక్క ఊళ్లో ఆలస్యంగా తీసుకున్నవారికి అంతకు ఎన్నో రెట్లు వచ్చింది. కుటుంబ ప్యాకేజీ గిరిజనులకు రూ.6.86 లక్షలు, ఇతరులకు రూ.6.36 లక్షలు. సర్వేనాటికి పిల్లలుగా ఉండి, ఇప్పుడు పెళ్లయి వేరు కాపురం పెట్టినవారి సంగతేమిటన్నది మరో తగాదా. పద్దెనిమిదేళ్లు ఏనాటికి నిండాలి అన్న ఒక్క తేదీ మీద ఎన్నో కుటుంబాల బతుకు ఆధారపడింది.

నీటి గీత

ఇక పర్యావరణం మాట. 2005లో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది. అప్పుడు లెక్కలోకి తీసుకున్న వరద 36 లక్షల క్యూసెక్కులు. స్పిల్‌వే కట్టింది 50 లక్షల క్యూసెక్కులకు. అంత వరద వస్తే వెనుక నీరు ఎందాకా తంతుంది అన్నది ఒడిశా, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్‌ల అభ్యంతరం కూడా. 2011 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమని ఉత్తర్వు ఇచ్చింది. తర్వాత ఏళ్ల తరబడి ఆ ఉత్తర్వును తాత్కాలికంగా పక్కన పెడుతూ పొడిగించింది. ఆగమన్నదీ వారే, సాగమన్నదీ వారే.

2022 జూలైలో గోదావరే జవాబు చెప్పింది. భద్రాచలం వద్ద 71.3 అడుగులకు పోయింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, గోదావరి అవతల కుక్కునూరు, వేలేరుపాడు నీట మునిగాయి. జనం గుట్టల మీద టార్పాలిన్లు కట్టుకుని ఉన్నారు. తొలి దశలో 41.15 మీటర్ల మట్టం లోపలి ఊళ్లనే ముంపు కింద లెక్కించారు. ఆ గీతకు పైనున్న ఊళ్లలోకీ నీరు వచ్చింది. నీటికి గీత తెలియదు గదా! కాఫర్ డ్యామ్ కట్టాక వరద తీయడం కూడా ఆలస్యమవుతోందని వారి ఫిర్యాదు.

పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 41.15 మీటర్ల వరకు రూ.30,436.95 కోట్లకు ఆమోదం తెలిపింది. రెండు గీతల మధ్య ఉన్నవారు ఇల్లు బాగుచేసుకోవాలో వద్దో తేల్చుకోలేరు. పెంకులు మారిస్తే దండగ, మార్చకపోతే వాన.

కుర్చీ మారితే

విజయవాడ వైపు పెద్ద పార్టీలు ప్రశ్నలు అడగలేదని అనలేం. 2014 నుంచి ప్రతిపక్షంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్ పునరావాసం మీద, ఖర్చు మీద నిలదీసింది. 2019 తర్వాత ప్రతిపక్షమైన తెలుగుదేశం అవే నిలదీసింది. 2018లో పూర్తయిన డయాఫ్రం వాల్ ఆ తర్వాతి వరదల్లో దెబ్బతింటే తప్పు నీదంటే నీదని ఇద్దరూ వాదించుకున్నారు. 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలుపెట్టారు. పాత గోడ ఖర్చు ఎవరి ఖాతాలో పడిందంటే, జనం ఖాతాలోనే.

ఇద్దరూ సభను విడిచి బయటికి వచ్చినవారే. 2017 నవంబరు నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు అసెంబ్లీకి వెళ్లలేదు. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగానే మళ్లీ వస్తానని సభ వదిలి వెళ్లారు. 2024లో 11 స్థానాలకు పరిమితమైన వైఎస్సార్ కాంగ్రెస్, ప్రతిపక్ష హోదా ఇవ్వలేదంటూ సభకు దూరంగా ఉండిపోయింది. ఆ పదకొండులో అరకు, పాడేరు గిరిజన స్థానాలూ ఉన్నాయి. ఎవరి కారణాలు వారికి ఉండవచ్చు. కానీ ఐదేళ్లు ఎమ్మెల్యే లేకుండా గడిపిన ఈ మండలాల వారికి, ఉన్న కుర్చీని ఖాళీగా వదిలేయడం అంత తేలికగా అర్థం కాదు.

రాజయ్య 2019లో రంపచోడవరం నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు పోటీ చేశారు. తన ఊరి ప్రశ్న తన ఊరి రాష్ట్రంలోనే అడగడానికి ఆయనకు మిగిలిన దారి అదే. ఓడిపోయారు. 2020 ఆగస్టులో కరోనా ఆయనను తీసుకుపోయింది.

ఈసారి సభ కూర్చున్నప్పుడు ఏ పార్టీ సభ్యుడైనా వేయదగిన నక్షత్రం గుర్తు ప్రశ్నలు ఇక్కడ సిద్ధంగానే ఉన్నాయి. 41.15 మీటర్ల గీతకు పైనుండి 2022లో మునిగిన గ్రామాలెన్ని? వాటిని ముంపు జాబితాలో చేర్చారా? ఎకరాకు లక్షా 15 వేలు తీసుకున్నవారికి తేడా సొమ్ము ఎప్పుడు ఇస్తారు? కాలనీల్లో ఇళ్లు అప్పగించిన కుటుంబాలెన్ని, అందులో నీళ్లు, కరెంటు ఉన్నవి ఎన్ని? మండలాల వారీగా జవాబు కావాలి.