డంపర్ ఒకరిది.. పెట్టె ఇంకొకరిది!

గోదావరిఖని: ఉపరితల గనిలో వంద టన్నుల డంపర్ నడిపే ఆపరేటర్‌కు బండి ముందు కొంత మేర నేల కనిపించదు. ఎడమవైపు క్యాబిన్‌లో కూర్చుంటాడు కనుక కుడివైపు ఆనుకుని వచ్చే జీపు అసలే కనిపించదు. దీనికి తోడు వేసవిలో దుమ్ము, చలికాలం తెల్లవారుజామున పొగమంచు. పెద్ద యంత్రం కింద చిన్న వాహనం నలిగిపోయిన ప్రమాదాలు గనులున్న అనేక దేశాల్లో జరిగాయి. వీటి నివారణకు వచ్చినవే సమీప హెచ్చరిక పరికరాలు. మరో వాహనం దగ్గరకు రాగానే క్యాబిన్‌లోని పెట్టె కూత పెడుతుంది.

చిక్కంతా కూత తరువాతే. రాత్రి షిఫ్టు చివర అలసిన ఆపరేటర్ దానిని గమనించకపోతే యంత్రమే వేగం తగ్గించుకోవాలి. అందుకు పెట్టె చెప్పిన మాట డంపర్‌కు అర్థం కావాలి. సింగరేణి ఉపరితల గనుల్లో ప్రభుత్వ రంగ బీఈఎంఎల్ యంత్రాలతో పాటు విదేశీ కంపెనీల యంత్రాలూ నడుస్తుంటాయి. హెచ్చరిక పెట్టెలు చేసే కంపెనీలు వేరు. ఎవరి భాష వారిదైతే గని యాజమాన్యం యంత్రానికొక పెట్టె వెతుక్కోవాలి, లేదా ఒకే కంపెనీకి కట్టుబడి అది చెప్పిన ధర చెల్లించాలి.

దీనికి విరుగుడు బహిరంగ ప్రమాణం. రెండు పరికరాలు కలిసేచోట పాటించాల్సిన నియమాలను అందరికీ అందుబాటులో ప్రకటించడమే అది. ఒకప్పుడు సెల్‌ఫోన్ కంపెనీకొక చార్జర్ ఉండేది, ఇప్పుడు టైప్-సి తీగ ఎవరి ఫోన్‌కైనా సరిపోతున్నది. బహిరంగం అంటే ఉచితం అని మాత్రం కాదు, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌వో) పత్రాలను డబ్బు చెల్లించే కొనాలి.

కంపెనీలు ఎందుకు వెనుకాడాయి?

డంపర్ తయారీదారుల భయంలో కొంత న్యాయం ఉంది. పూర్తి లోడుతో వాలు దిగుతున్న బండికి పరాయి పెట్టె ఒక్కసారిగా బ్రేకు వేయిస్తే బండి జారవచ్చు, బోల్తా పడవచ్చు. అప్పుడు నేరం ఎవరిది? ఈ ప్రశ్నకు వ్యాపారమూ తోడయింది. సొంత పెట్టె అమ్ముకోగలిగిన కంపెనీ పక్కవాడి పెట్టెకు తలుపు ఎందుకు తీస్తుంది?

ఒక్కో గని విడిగా అడిగితే తలుపు తెరుచుకోదు. అందుకే 2006లో పెద్ద గని కంపెనీలు కొన్ని కలిసి ‘ఎమెస్ర్ట్’ అనే భద్రతా వేదికను ఏర్పాటు చేసుకున్నాయి. యంత్రాన్ని ఎలా తయారు చేయాలో అది చెప్పదు. గనిలో ప్రమాదాలు ఏయే తీరుల్లో జరుగుతున్నాయో తయారీదారుల ముందు ఉంచి, వీటికి మీ పరిష్కారమేమిటని అడుగుతుంది. ప్రమాద నివారణను ఈ వేదిక తొమ్మిది అంచెలుగా విభజించింది. ఏడో అంచెలో పరికరం ఆపరేటర్‌కు పరిస్థితి తెలుపుతుంది, ఎనిమిదో అంచెలో ఏం చేయాలో సూచిస్తుంది, తొమ్మిదో అంచెలో తానే జోక్యం చేసుకుంటుంది.

ఢీకొనే ప్రమాదాల నివారణపై రూపొందిన ఐఎస్‌వో 21815 ప్రమాణంలోని రెండో భాగం 2021లో, మొదటి భాగం 2022లో వెలువడ్డాయి. పెట్టెకూ యంత్రానికీ మధ్య సంభాషణ రెండో భాగంలో ఉంది. డీజిల్ వాహనాల్లో ఎప్పటినుంచో వాడుకలో ఉన్న జే1939 తీగ వ్యవస్థ మీదే ఆ సంభాషణ నడుస్తుంది. ‘వేగం తగ్గించు’, ‘నియంత్రణతో ఆపు’, ‘అత్యవసరంగా ఆపు’ వంటి ఆదేశాలను పెట్టె పంపుతుంది. బ్రేకును ఎంత బలంగా, ఏ వరుసలో వేయాలన్నది మాత్రం డంపర్ తయారీదారు చేతిలోనే ఉంటుంది. బాధ్యత ఎక్కడ విడిపోతుందో తేలడం కంపెనీలను బల్ల దగ్గరకు రప్పించడంలో ముఖ్యమైన మెట్టు.

చట్టమూ తోడయింది. డీజిల్ యంత్రం తనంతట తానే నెమ్మదించి ఆగాలన్న నిబంధన దక్షిణాఫ్రికా గనుల్లో 2022 డిసెంబరులో అమలులోకి వచ్చింది. గని యజమాని ఇష్టాయిష్టాల మాట అక్కడితో ముగిసింది.

యంత్రాల సమాచారం విషయంలోనూ కొనుగోలుదారులే ముందడుగు వేశారు. అమెరికాలో యంత్రాల నిర్వాహకుల సంఘం 2010లో తొలి ప్రమాణం తెచ్చినప్పుడు అడిగింది నాలుగే వివరాలు: బండి ఎక్కడ ఉంది, ఎన్ని గంటలు పనిచేసింది, ఎంత దూరం తిరిగింది, ఎంత డీజిల్ తాగింది. కొద్దిగా అడగడం వల్లనే కంపెనీలు ఒప్పుకున్నాయనిపిస్తుంది. 2016 నాటికి అది విస్తరించి ఐఎస్‌వో 15143-3గా వెలువడింది.

మన చేతిలో ఏముంది?

సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. భారీ యంత్రాలకు దేశంలో కోల్ ఇండియా, సింగరేణి పెద్ద గిరాకీదారులు. ఇవి ఒకే మాటగా అడిగితే కాదనగల తయారీదారు అరుదు. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) కమిటీల్లో తయారీదారులతో పాటు వినియోగదారులకూ చోటుంటుంది. ముసాయిదా ప్రమాణాలను అభిప్రాయాల కోసం బహిరంగంగా విడుదల చేస్తారు. గని రక్షణ కమిటీ సభ్యుడైనా, డంపర్ ఆపరేటరైనా రాసి పంపవచ్చు.

అన్నిటికన్నా దగ్గర దారి టెండరు. ‘ఏ కంపెనీ పెట్టెనైనా ఐఎస్‌వో 21815 ప్రకారం స్వీకరించాలి’ అన్న ఒక్క షరతు కొనుగోలు పత్రంలో ఉంటే తయారీదారు దానికి సిద్ధమయ్యే వస్తాడు. డంపర్ గనిలోకి దిగాక అడిగితే అదనపు తీగలకు, సాఫ్ట్‌వేర్‌కు వేరే బిల్లు వస్తుంది, అదీ ఆ కంపెనీ ఒప్పుకుంటేనే. నేడు కొన్న యంత్రం ఏళ్ల తరబడి హాల్ రోడ్డు మీదే తిరుగుతుంది.