అడ్డంగా నడిచిన ఆల్ప్స్

పర్వతం అనగానే నేల అడుగు నుంచి నిటారుగా లేచిన రాతిముద్ద మన ఊహకొస్తుంది. ఆల్ప్స్ విషయంలో ఈ ఊహ సరిపోదు. అక్కడి రాళ్లు పైకి లేచిన దూరం కంటే పక్కకు జరిగిన దూరం ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ జరుగుబాటులో పొరల మీద పొరలు పేరుకోవడం వల్లే అంత ఎత్తు వచ్చింది. ఇందుకు స్పష్టమైన సాక్ష్యం తూర్పు స్విట్జర్లాండ్‌లోని గ్లారస్ ప్రాంతంలో ఉంది. చింగెల్‌హోర్నర్ శిఖరాల గోడ మీద కత్తితో కోసినట్టున్న గీత ఒకటి దూరం నుంచే కనిపిస్తుంది. గీతకు పైనున్న వెరుకానో శిలల వయసు 25 నుంచి 30 కోట్ల ఏళ్లు. కిందనున్న ఫ్లిష్ శిలలది మాత్రం 3.5 నుంచి 5 కోట్ల ఏళ్లే. ముందు పేరుకున్నది అడుగున, తర్వాత పేరుకున్నది పైన ఉండాలన్నది భూగర్భ శాస్త్రం మొదటి పాఠం. ఇక్కడ అది తలకిందులైంది.

వయసులు లెక్కించడంలోనే పొరపాటు జరిగిందేమో అనవచ్చు. అలా అనడానికి వీల్లేదు. గీత కిందున్న శిలల్లో నుమ్యులైట్లనే నాణెపు ఆకారపు శిలాజాలున్నాయి. అవి డైనోసార్లు అంతరించిన తర్వాతి కాలానివి. వెరుకానో అయితే చెక్కుచెదరని చోట్ల డైనోసార్ల కాలపు శిలలకు అడుగున ఉంటుంది. మరి రాళ్లు ముడతపడి తిరగబడ్డాయా? 19వ శతాబ్దంలో స్విస్ భూగర్భ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ ఎషర్ ఈ దారే పట్టాడు. పాత రాయి కొత్త రాయి మీదికి ఎక్కిందని ఆయన గ్రహించాడు. కానీ ఆ మాట అచ్చువేస్తే తనను పిచ్చాసుపత్రిలో పెడతారని అన్నాడని చెబుతారు. అందుకే ఉత్తరం నుంచి ఒకటి, దక్షిణం నుంచి ఒకటి, ఎదురెదురుగా వాలిన రెండు పెద్ద ముడతలతో వివరించాడు. శిష్యుడు ఆల్బర్ట్ హైమ్ దాన్ని గట్టిగా సమర్థించాడు. అయితే ముడత అడుగుభాగంలో తిరగబడిన పొరలన్నీ దొరకాలి కదా! గీత వెంట ఉన్నది సుమారు మీటరు మందం సున్నపురాయి ఒక్కటే. 1884లో ఫ్రెంచి శాస్త్రవేత్త మార్సెల్ బెర్ట్రాన్ ఉత్తర ఫ్రాన్స్ బొగ్గు గనుల్లోని పొరల అమరికతో గ్లారస్‌ను పోల్చి, రెండు ముడతలు అక్కర్లేదని, దక్షిణం నుంచి వచ్చిన ఒకే పలక చాలని తేల్చాడు. తర్వాతి శతాబ్దం మొదట్లో హైమ్ దీన్ని ఒప్పుకున్నాడు. దశాబ్దాలుగా నిలబెట్టిన సిద్ధాంతాన్ని వదులుకోవడం ఆయన గొప్పతనం.

అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది. కిలోమీటర్ల మందం పలకను వెనక నుంచి నెడితే ఘర్షణకు ముక్కలవ్వాలి గానీ, 30, 40 కిలోమీటర్లు ఎలా జారుతుంది? ఇది న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు రెండు చోట్ల దొరికింది. రాతి సందుల్లో చిక్కిన నీటి ఒత్తిడి పై బరువులో చాలా భాగాన్ని మోస్తుందని, దాంతో ఘర్షణ పడిపోతుందని 1959లో శాస్త్రవేత్తలు హబర్ట్, రూబీ చూపించారు. రెండోది ఆ సున్నపురాయే. లోతులోని వేడికి అది విరగకుండా సాగి నలిగింది, కదలికనంతా తనలోనే ఇముడ్చుకుంది. పైగా తొందరేమీ లేదు. ఏడాదికి 5 మిల్లీమీటర్లు జరిగినా 80 లక్షల ఏళ్లలో 40 కిలోమీటర్లవుతుంది.

ఇది గ్లారస్‌కే పరిమితమైన వింత కాదు. 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరభాగం ఆఫ్రికా వైపు భూఖండానికి చెందిన నైస్ రాయి. దాని కింద ఒకప్పటి సముద్రపు అడుగు అవశేషాలున్నాయి. ఆఫ్రికా వైపు ఖండం, యూరప్ దగ్గరవుతూ మధ్యనున్న సముద్రాన్ని మింగేశాయి. నిటారుగా లేచిన పర్వతమే అయితే సముద్రపు అడుగు మీద మరో ఖండపు రాయి ఎక్కి కూర్చునే దారే లేదు.