వార్తల్లో పదం: ఇంటర్‌పొలేషన్‌

కెమెరా సెన్సర్‌ నమోదు చేయని పిక్సెళ్లను, చుట్టుపక్కల పిక్సెళ్ల రంగు, వెలుగుల ఆధారంగా లెక్కగట్టి చిత్రంలో చేర్చే పద్ధతే ఇంటర్‌పొలేషన్‌. 1600×1200 చిత్రాన్ని 3200×2400కు పెంచితే పిక్సెళ్లు నాలుగింతలవుతాయి. అంటే ప్రతి నాలుగింటిలో మూడు లెక్కతో పుట్టినవే. కొత్త పిక్సెల్‌ విలువను తేల్చడానికి బైలీనియర్‌ పద్ధతి పొరుగున ఉన్న 4 పిక్సెళ్లను, బైక్యూబిక్‌ పద్ధతి 16 పిక్సెళ్లను లెక్కలోకి తీసుకుంటాయి. 2000లో వచ్చిన ఫ్యూజీ ఫైన్‌పిక్స్‌ 4700 కెమెరా 24 లక్షల పిక్సెళ్ల సెన్సర్‌తోనే 43 లక్షల పిక్సెళ్ల ఫొటో ఇచ్చింది. డిజిటల్‌ జూమ్‌లోనూ ఇదే జరుగుతుంది: కెమెరా చిత్రం మధ్య భాగాన్ని కత్తిరించి పెద్దది చేస్తుంది. అంచులు నునుపుగా కనిపిస్తాయి గానీ, సెన్సర్‌కు అందని వివరం కొత్తగా పుట్టుకురాదు. కెమెరా కొనేటప్పుడు ఫొటో సైజును కాదు, సెన్సర్‌లోని అసలు పిక్సెళ్ల సంఖ్యను చూడండి.