మళ్ళీ సూది పట్టాక

ఇంటర్‌లో చేరినప్పుడు అటకెక్కిన నా క్రాస్ స్టిచ్ ఫ్రేము బీటెక్ మూడో ఏడులో కిందికి దిగింది. ఇలా సగంలో ఆగిపోయిన పని మీలో చాలామందికి ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అందుకే ఎలా మొదలుపెట్టానో చెప్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. గళ్ళ గుడ్డ మీద ఒక్కో గడిలో ఒక్కో ఇంటూ గుర్తు కుట్టడమే క్రాస్ స్టిచ్. మన భాషలో చెప్పాలంటే దారంతో పిక్సెల్ ఆర్ట్. 14 కౌంట్ గుడ్డ అంటే అంగుళానికి 14 గళ్ళు. లచ్చి దారంలో ఆరు పోగులు కలిసి ఉంటాయి, ఈ గుడ్డకి రెండు పోగులు విడదీసుకుంటే చాలు. సూది మొన మొద్దుగా ఉండాలి. గుడ్డని పొడవకుండా కన్నంలోంచి జారాలి కదా! పక్కనున్న కర్ణాటకలో కసూతి చీరల మీద కనిపించే మెంతె కుట్టు కూడా ఇదే.

నాది రెండు చిలకల బొమ్మ. అటు 140 గళ్ళు, ఇటు 140 గళ్ళు. వెనకున్న ఆకాశంతో సహా 19,600 కుట్లు. ఎడమవైపు చిలకతో కలిపి ఆరు వేలు అమ్మమ్మే కుట్టింది. ఇప్పుడు ఆవిడ కళ్ళకి గళ్ళు ఆనడం లేదు. గంటకి వంద కుట్ల చొప్పున నా వంతు 136 గంటలు. మిడ్స్, ల్యాబ్ రికార్డుల మధ్య ఈ లెక్క చూస్తే ఎవరికైనా ఫ్రేముని మళ్ళీ అటకెక్కించాలనే అనిపిస్తుంది.

అందుకని పెద్దదాన్ని ముట్టుకోకుండా ముందు ఒక మామిడి పిందె కుట్టాను. 28 గళ్ళ చదరం, అంటే రెండంగుళాలు. బొమ్మ వరకే కుడితే నాలుగొందల కుట్లు, నాలుగు రాత్రుల్లో అయిపోయింది. అసలు ప్రయోజనం వేరే ఉంది. ప్రతి ఇంటూలో ఒక గీత కింద, ఒకటి పైన పడుతుంది. పై గీత బొమ్మంతా ఒకే వాలులో ఉండాలి. లేకపోతే వెలుతురు పడినప్పుడు అక్కడక్కడా మచ్చల్లా తేలుతుంది. అమ్మమ్మ పై గీత ఎడమనుంచి కుడికి దిగుతుంది, నా చెయ్యేమో రెండో వైపుకి పోతుంది. పిందె పూర్తయ్యేసరికి ఆవిడ వాలు నా చేతికి అలవాటైంది.

ఇప్పుడు ఆదివారాలు పెద్దది, మధ్యలో తీరికైతే చిన్నవి. ఇంకో సంగతి, అదే నంబరు లచ్చి మళ్ళీ కొన్నా రంగు రవ్వంత తేడా రావచ్చు. అందుకే మిగిలిన పాత ఆకుపచ్చని ఆవిడ చిలకని ఆనుకునే ఆకుల కోసం దాచి, కొత్తదాన్ని కుడి చిలకకి వాడుతున్నాను. ఫోన్ చేసినప్పుడల్లా "కన్ను పెట్టావా అమ్మడూ?" అని అడుగుతుంది. ఇంకా రెక్క దగ్గరే ఉన్నాను.